మూడో మీటరు

మా ఆయనకి మనుషుల మీద అనుమానం ఉండదు. ఉన్నదంతా మీటర్ల మీదే. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ ప్రయోగశాలలో కొలిచే పరికరాలను కొలవడమే ఆయన ఉద్యోగం. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల నుంచో వోల్టుమీటర్లు, థర్మామీటర్లు, త్రాసులు వచ్చేవి. అవి నిజం చెబుతున్నాయో లేదో తేల్చి, ముద్ర వేసి పంపేవారు. ఆ జబ్బు ఇంటిక్కూడా తెచ్చారు. ఒకసారి నాకు ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటరు నూట రెండు చూపించింది. పరుగెత్తి మందు తెస్తారనుకున్నాను. ఆయన దాన్ని శుభ్రంగా కడిగి, విదిలించి, తన నోట్లో పెట్టుకున్నారు. "ముందు మీటర్ని అనుమానించాలి ఉమా," అన్నారు, నోట్లో గాజుగొట్టంతోనే. తనకి మామూలు చూపించాక గానీ నా జ్వరాన్ని జ్వరంగా ఒప్పుకోలేదు.

అలాంటి దామోదర్ గారితో కాపురం చేస్తూ నాచారం హెచ్.ఎం.టి. నగర్‌లో ముసలిదాన్నయ్యాను.

మాకు రెండు కార్లు. తెల్లది నాది. కూరగాయలకి, బ్యాంకుకి, పెళ్లిళ్లకి నేనే నడుపుకుంటూ పోతాను. ఎర్రది ఆయనది. అరవై నాలుగులో ఇంగ్లండులో పుట్టిన ఎం.జి. మిడ్జెట్. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకి జానెడు ఎత్తు. మారేడుపల్లిలో ఏదో పాత బంగళా షెడ్డులో ఇటుకల మీద పడి ఉన్నదాన్ని కొని లారీలో ఇంటికి తెచ్చారు. అప్పుడు మా మనస్విని పాలు తాగే పిల్ల. ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సేవ చేశారని మాత్రం అడక్కండి.

ఆదివారం ఎర్రదాని రోజు. పొద్దు వాలే వేళకి బయల్దేరి ఘట్‌కేసర్‌లో మనస్విని ఫ్లాటుకి వెళ్లడం, మనవడితో ఆడుకుని, భోంచేసి రావడం. దారిలో కుర్రాళ్లు బైకులు పక్కకి తెచ్చి ఫొటోలు తీసుకుంటారు. నాకది ఇష్టం లేదని అబద్ధం చెప్పను. కొంగు తలకి చుట్టుకుని ఆ సీట్లో కూర్చున్నంతసేపూ నా మోకాళ్లు నన్ను పలకరించవు. స్టీరింగు మాత్రం నాకెప్పుడూ ఇవ్వలేదు. "క్లచ్ చాలా సున్నితం," అంటారు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని పండగ రద్దీలతో వేగినదాన్ని, ఒక క్లచ్చుతో వేగలేనట!

పోయిన వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఉప్పల్ దాటాం. మబ్బు పట్టి ముందే చీకటి పడుతోంది. ఏళ్లుగా కడుతూనే ఉన్న ఆ పైవంతెన స్తంభాల మధ్య రోడ్డు సంగతి మీకు తెలిసిందే, గుంతలో రోడ్డుందో రోడ్డులో గుంతుందో చెప్పలేం. ఒకావిడ మక్క కంకుల బండి తోసుకుంటూ అడ్డంగా వస్తోంది. నాకు చాలా దూరం నుంచే కనిపించింది. ఆయనకీ కనిపించే ఉంటుంది, ఆపుతారులే అనుకున్నాను. ఆపలేదు. నేను గట్టిగా అరిచాను. బ్రేకు పడింది. మా బంపరుకీ ఆవిడ మోకాలికీ మధ్య బెత్తెడు దూరం. బండి ఒరిగి కంకులు బురదలో పడ్డాయి.

"కండ్లు కనవడ్తలెవ్వా? మనిషిని సంపుతవా ఏంది!" అని ఆవిడ లేచింది. రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా అనే మాటే అది. మేమూ తిట్టు అనే అనుకున్నాం. ఆయన దిగి, ఒక్కో కంకీ ఏరి బండిలో పెట్టారు. "లైట్లు డిమ్ముగా ఉన్నాయమ్మా, క్షమించు," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మనస్విని ఊరుకోలేదు. "ఇంక చాలు నాన్నా. ఎవరైనా మ్యూజియంలో పెట్టుకునేవాళ్లకి ఇచ్చెయ్," అంది. ఆయన ముద్ద కలుపుతూ తలెత్తలేదు. నాకూ కోపంగానే ఉంది. "ఆ లైట్లు బాగయ్యేదాకా నేనా బండి ఎక్కను, మిమ్మల్నీ ఎక్కనివ్వను. ఒకరి ప్రాణం తీసి తెచ్చుకునే సరదా నాకొద్దు," అన్నాను.

"బాగయితే?" అన్నారు.

"బాగయితే మీ ఇష్టం. అప్పుడు అమ్మెయ్యమని ఎవరన్నా అంటే నేనే వాళ్ల నోరు మూయిస్తాను."

అలా ఒప్పందం కుదిరింది. లైట్లు వెలిగితే ఆయన బండి ఆయన చేతిలో ఉంటుంది. లేకపోతే ఉండదు. ఆయనకి ఇంకో వ్యసనం లేదు, ఇంకో స్నేహితుడూ లేడు. ఆ స్టీరింగు పోతే మనిషిలో ఏం మిగులుతుందోనని నాకు లోపల బెంగ.

లైట్లు డిమ్ముగా ఉండటం అబద్ధం కాదు. పాత బండ్లలో కరెంటు చేసేది డైనమో. ఇంజను జోరుగా తిరిగినప్పుడే అది పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉంటే దానికీ నిద్రే, లైట్లు ఆముదం దీపాల్లా అయిపోతాయి. ఇప్పటి బండ్లలో ఉండే ఆల్టర్నేటరు అయితే ఆగి ఉన్నా కరెంటు చేస్తుంది. దాన్ని పెట్టించమని వీరేందర్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. ఈయనే ఒప్పుకోలేదు.

వీరేందర్ షాపు నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో. ఆ సందంతా ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. చేను ఫ్యాక్టరీలకి పోగా మిగిలిన పట్టీలో రేకులు వేసి ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. చేతులు ఎంత పనిచేస్తాయో నోరు అంతకు రెట్టింపు పనిచేస్తుంది.

"సార్, నేను జెప్పలే?" అన్నాడు బానెట్ ఎత్తుతూ. "మారుతి ఆల్టర్నేటర్ మస్తుగ కూసుంటది. బ్రాకెట్ లేత్ మీద కొట్టిపిస్త. గని ఒక్క ముచ్చట. లోకంల అన్ని బండ్ల బాడీకి మైనస్ ఉంటది, మీ బండికి ప్లస్. అంత ఉల్టా! బ్యాటరీ తిప్పాలె, కాయిల్ వైర్లు తిప్పాలె. ఒక్క వైరు మర్సిపోయినమా, కొత్త మాల్ బుస్సుమంటది."

దాని దగ్గరే ఈయన ఆగిపోయారు. ముందు చక్రం పైరేకు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "అరవై ఏళ్లుగా దీని ఒంటికి ప్లస్ అలవాటు. అది కూడా తిప్పేస్తే ఇది ఇదేనా, ఇంకో బండా?" అన్నారు.

"బండి అదే సార్. కోడలు పిల్ల అత్తింటికొచ్చి ఇంటిపేరు మార్సుకోదా? మనిషి మారుతదా?"

"అదేదో కోడల్ని అడుగు, చెబుతుంది," అన్నాను నేను. వీరేందర్ నవ్వాడు. ఈయన నవ్వలేదు గానీ, కంకుల బండి గుర్తొచ్చినట్టుంది, సరేనన్నారు.

పని సాగింది. బ్రాకెట్ ఒకసారి వంకరొచ్చింది, బెల్టు కీచుమని అరిచింది, మళ్లీ లేతు దగ్గరికి వెళ్లింది. ఎర్రది షాపులో ఉంది కాబట్టి రోజూ ఈయన్ని తెల్లదాంట్లో నేనే దింపేదాన్ని, నేనే తెచ్చుకునేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఒక స్టూలు వేసేవాడు వీరేందర్. కూర్చుని చూసేదాన్ని.

ఒకరోజు ఈయన ఒక వైరు పట్టుకుని ఎండకి ఎత్తి, కళ్లకి దగ్గరగా, దూరంగా జరిపి చూస్తున్నారు. "ఇది ఉట్టి బ్రౌనా, పసుపు గీత ఉన్న బ్రౌనా?"

"పస్పు గీతుంది సార్."

"పాత వైర్లు కదా, రంగులు వెలిసిపోయాయి," అన్నారు.

నేను స్టూలు మీద అంత దూరంలో కూర్చున్నాను. పసుపు గీత నాకు నిన్న వేసినట్టు కనిపిస్తోంది.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. చలికాలంలో హాలులో ట్యూబులైటు మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ మార్చారు. "ఈ కంపెనీలన్నీ కలిసి వెలుతురు తగ్గించేస్తున్నాయి," అన్నారు. వంటింట్లో ఇంకా పెద్ద బల్బు పెట్టారు, నాకు కళ్లు చెదిరి పోపు గింజలు మాడ్చాను. పేపర్లో అక్షరాలు చిన్నవి చేశారని ఎడిటరుకి ఉత్తరం రాస్తానన్నారు. ప్రతిసారీ తప్పు అవతలే. ఆయన చెబితే నేను నమ్మాను. కొలవడంలో ఆయన మాట తప్పదని పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు నమ్మకం.

ఆ స్టూలు మీద నాకు భయం వేసింది. అయినా నోరు మెదపలేదు. లైట్లు బాగైతే అన్నీ బాగైపోతాయని నేనూ లోలోపల ఆశపడ్డాను. కళ్లు అంటే కారు కాదు కదా, లేతు మీద కొట్టించడానికి.

ఆ వారంలోనే ఇంకో చిన్న సంగతి. షాపుకి ఎదురుగా ఒక గోదాము గోడ. దాని మీద ఏళ్లుగా నీలం అక్షరాల్లో సిమెంటు ప్రకటన ఉంది. 'ఒకసారి కట్టండి, తరతరాలు ఉండండి' అని. ఆ గోడ పక్కన కారు ఆపుతుంటే ఒక పెయింటరు బకెట్టుతో వచ్చి, "జర ముందటికి జరపండి అమ్మా, సున్నం పడ్తది," అన్నాడు. జరిపాను. సిమెంటు ప్రకటన మీద తెల్ల సున్నం కొట్టేశాడు. మరునాటికి ఆ తెలుపు మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్కటీ నా చెయ్యంత ఎత్తు. 'ఇంటర్ అడ్మిషన్లు జరుగుచున్నవి.'

వారం తిరిగాక శనివారం సాయంత్రం పని అయిపోయింది. వీరేందర్ కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాడు. కొత్త బండయినా, మరమ్మతు చేసిన బండయినా నిమ్మకాయ తొక్కకుండా అతని షాపు దాటదు. ఈయన సీట్లో కూర్చుని ఇంజను వేశారు. పొద్దు గూకింది. సందులో వీధిలైటు ఎప్పటిలాగే చచ్చి ఉంది.

"లైట్లు వెయ్యి సార్!"

వేశారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎదురు గోడ మొత్తం పట్టపగల్లా తెల్లగా లేచింది. గోడ కింద పడుకున్న కుక్క విసుక్కుని లేచి వెళ్లిపోయింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా వెలుగు ఇసుమంతైనా తగ్గలేదు. "అరె వా!" అని వీరేందర్ తొడ కొట్టాడు. గెలిచారు అనుకున్నాను.

"ఇంకా పసుపుగానే ఉందేమిటి?" అన్నారు ఆయన.

వీరేందర్ చెయ్యి గాల్లోనే ఆగింది. "పస్పా?"

"మసగ్గా. ఎక్కడో వోల్టేజి పోతోంది. చూడు."

వీరేందర్ మీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టాడు. పధ్నాలుగు పాయింట్ రెండు, ఉండాల్సినంతే. హెడ్‌లైటు దగ్గర పెట్టాడు. అక్కడా ఏమీ తగ్గలేదు. "నీ మీటరు తప్పు," అన్నారు ఈయన. "ముందు మీటర్ని అనుమానించాలి. నాది తే." సీటు వెనకనుంచి ఆయన సొంత మీటరు తీసి ఇచ్చారు. ఏటేటా తానే సరిచూసుకునే మీటరది. అదీ అదే అంకె చూపించింది. రెండు మీటర్లూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

ఆయన రెండు అంకెలూ విన్నారు. "అయితే బల్బులు మార్చాలి. రిఫ్లెక్టర్లు కూడా పాతవే కదా," అన్నారు.

ట్యూబులైటు మార్చినప్పటి గొంతే అది. దాంతో నాకు ఆగలేదు. ఇవాళ నోరు మూసుకుంటే రేపు ఆదివారం. ఉప్పల్ దాటాక ఆ స్తంభాలు, ఆ కంకుల బండి.

"ఏమండీ," అన్నాను. "ఎదురుగా ఆ గోడ మీద ఏం రాసుందో చదవండి."

"అదేం పరీక్ష?"

"చదవండి."

ఆయన కారు ముందద్దంలోంచి గోడకేసి చూశారు. చిన్నపిల్లాడిని ఎక్కం అప్పగించమంటే విసుక్కున్నట్టు విసుక్కుని, గడగడా అప్పగించారు. "ఒకసారి కట్టండి, తరతరాలు ఉండండి. సరేనా?"

వీరేందర్ మీటరు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టినవే మళ్లీ చుట్టాడు. చివరికి, "గా రాతలు నాకు గూడ సక్కగ కనవడ్తలెవ్వు సార్. ఎవ్వలికి కనవడ్తయి గిప్పుడు," అన్నాడు.

"నువ్వు ఊరుకో వీరేందర్," అన్నాను. పాపం, మంచికే అన్నాడు. ఆ మాట పట్టుకుని అందరం ఇంటికి పోవచ్చు కూడా. కానీ రోడ్డు మీద ఎవరి మోకాలికీ ఆ మంచితనం అడ్డం పడదు.

కారు పక్కకి వెళ్లి తలుపు మీద చెయ్యి వేశాను. "గోడకి సున్నం కొట్టి వారం దాటిందండీ. అక్కడ సిమెంటు లేదు."

ఆయన మెడ ముందుకి చాచి మళ్లీ గోడకేసి చూశారు.

"నాకు జ్వరమొస్తే థర్మామీటరు మీ నోట్లో పెట్టుకుని చూసుకున్న మనిషి మీరు. ఇవాళ రెండు మీటర్లు చూశారు. మూడోది చూడలేదు కదా."

ఆయన కళ్లద్దాలు తీశారు. చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. మళ్లీ పెట్టుకుని చూశారు. ఆ తర్వాత ఇంజను ఆపకుండానే తలుపు తీసుకుని దిగారు. లైట్ల వెలుగులోంచి గోడ దగ్గరికి నడిచారు. ఆయన నీడ గోడమీద ముందు పెద్దదిగా, నడిచేకొద్దీ చిన్నదిగా అయింది. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, ఒక అక్షరం మీద వేలు పెట్టి రాసినట్టే తిప్పారు. తర్వాత దాని పక్కది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

తిరిగొచ్చి నా ముందు నిలబడ్డారు. "ఇంటర్ అడ్మిషన్లు," అన్నారు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"తెలియదు. భయం మాత్రం ఉంది."

తలూపారు. "ఆవిడ నిజమే అంది ఉమా. ఆ కంకులావిడ." కారు చుట్టూ తిరిగి, ఎడమవైపు తలుపు తీసుకుని, నా సీట్లో కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఆయన్ని చూడటం అదే మొదలు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగిలి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతున్నారు.

నేను వీరేందర్ వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తూ, "నిమ్మకాయలు పెట్టిన అమ్మా. సీదా పోనియ్యి," అన్నాడు.

స్టీరింగు ముందు కూర్చుంటే క్లచ్చుకి కాలు అందలేదు. ఈయన తన సీట్లోని దిండు, ఇన్నాళ్లూ నేను నడుముకి పెట్టుకున్నదే, తీసి నా వెనక సర్దారు. "క్లచ్..." అని మొదలుపెట్టి ఆపేశారు. నేను వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి, నిమ్మకాయల మీదుగా కదిలింది. అంత సున్నితమేమీ కాదు. ఆ మాట ఇంకెప్పుడైనా అంటాను.

సందు దాటి నాచారం మెయిన్ రోడ్డెక్కాం. గాలి తడిగా ఉంది. ముందు వెలుగు చాప పరిచినట్టు పరుచుకుంటూ పోతోంది. సిగ్నల్ దగ్గర ఆగినా తగ్గలేదు. అది తగ్గకుండా ఉండాలని ఈయన ఎన్ని రోజులు వీరేందర్ షెడ్డులో కూర్చున్నారో!

"సోమవారం కంటి ఆస్పత్రికి పోదాం," అన్నాను.

"పోదాం. వాళ్ల పరికరాలు చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడగాలి."

"అడగండి. ముందు మాత్రం గడ్డం దాని మీద పెట్టండి."

కొంచెం నవ్వారు. తర్వాత చాలాసేపు ఆయన చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. వాటికి ఏ పనీ లేకుండా ఉండటం నేను చూడలేకపోయాను. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు, "ఇప్పుడు మూడోదా?" అని తెలిసే అడిగాను. నా చేతి మీద చెయ్యి వేసి మార్పించారు. ఆ తర్వాత చెయ్యి అక్కడే ఉంచేశారు.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగారు.

"ఏముంది, రోడ్డే."

"అలా కాదు. అన్నీ చెప్పు."

చెప్పాను. ఎడమపక్క టీకొట్టు, దాని ముందు మూడు బైకులు. పాల ప్యాకెట్టు పట్టుకుని రోడ్డు దాటాలా వద్దా అని చూస్తున్న పెద్దాయన. ముందు స్పీడు బ్రేకరు, దాని మీద తెల్ల రంగు సగం పోయింది. డివైడరు మీద పడుకున్న కుక్క, దాని ఒక చెవి మాత్రం లేచి ఉంది. ఆయన ఒక్కోదానికీ తలూపుతున్నారు, లెక్క రాసుకుంటున్నట్టు.

"ఇంకా?"

"అక్కడెవరో బండి తోసుకుంటూ అడ్డంగా వస్తున్నారు. లైటు లేదు."

ఆయన చెయ్యి బిగిసింది. "ఎక్కడ? ఎంత దూరం?"

"చాలా దూరమండీ. మనం అక్కడికి చేరేలోపు దాటిపోతారు. చాలా ముందే కనిపించింది."

ఆయన చెయ్యి మెల్లగా వదులైంది. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నారు.

"అయితే లైట్లు బాగానే ఉన్నాయి," అన్నారు.